మొదటిసారి దుబాయ్: గసగసాలు ఇంట్లోనే వదిలేయండి

పోయిన నెల ఈ పేజీ చివర "మొదటిసారి దుబాయ్ పోయేవాళ్లకు ఏం సందేహాలున్నాయో రాయండి" అని ఒక్క లైను వేసినందుకు ఉత్తరాలు కుప్ప పడ్డాయి. సగానికి పైగా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచే. మన దగ్గర మస్కట్ పోయినా కువైట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు కాబట్టి ఒమన్ వీసా గురించి అడిగినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. ఈసారి యూఏఈ వరకే, అందులోనూ దుబాయ్, షార్జా, అబుదాబీ.

ప్రశ్న: మా కొడుకు షార్జాలో ఆరేళ్ల సంది పని చేస్తున్నడు, ఒకసారి వచ్చిపో అమ్మా అంటున్నడు. నా పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీగ ఉన్నది, పేరు కూడ ఒక్కటే ముక్క. ఏజెంటు నడుస్తది అంటడు, పక్కింటోళ్లు నడవది అంటున్నరు. ఎవరి మాట వినాలె?
– ఒక తల్లి, మెట్‌పల్లి

అమ్మా, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే ఇంత గందరగోళం. 2022 నవంబర్‌లో యూఏఈ ఒక రూలు తెచ్చింది. పాస్‌పోర్టులో పేరు ఒకే ముక్కగా ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే విజిట్, టూరిస్ట్ వీసా మీద రానివ్వరు. ఇమిగ్రేషన్ దాకా పోయినవాళ్లను కూడా అక్కడి నుంచే తిప్పి పంపే రూలు అది. ఆ తర్వాత కొంత సడలించి, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటామన్నారు. మీ ఏజెంటు "నడుస్తది" అనేది ఈ రెండో మాట పట్టుకునే.

నన్నడిగితే ఆ "నడుస్తది"ని నమ్ముకుని శంషాబాద్ దాకా పోకండి. కౌంటర్‌లో కూర్చున్న ఎయిర్‌లైన్ మనిషికి అనుమానం వస్తే బోర్డింగ్ పాస్ ఇవ్వడు, మీరు అక్కడ నిలబడి ఏజెంటుకు ఫోన్ చేస్తే అతను ఎత్తడు. పాస్‌పోర్టు రీ-ఇష్యూకు పెట్టి పేరు, ఇంటిపేరు రెండు గడులూ నింపించుకోండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. మీకు నిజామాబాద్, కరీంనగర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి, వరంగల్‌లో పోస్టాఫీసు కేంద్రం ఉంది, హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. ముందు ఆధార్‌లో ఇంటిపేరు ఎలా పడిందో చూసుకోండి. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉండి పాస్‌పోర్టుకు పూర్తి ఇంటిపేరు రాస్తే అక్కడ మళ్లీ ఒక కొర్రీ.

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి, వెళ్లిరావడానికి రెండు వైపులా టికెట్ ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. వీసా 30 రోజులకూ ఇస్తారు, 60 రోజులకూ ఇస్తారు. కొడుకును చూడ్డానికి పోతున్నారు కదా, 60 రోజులదే తీసుకోండి, ఎందుకంటే గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌లు జరిమానా. మన డబ్బుల్లో అది వెయ్యి రూపాయలకు పైమాటే, అదీ ఒక్క రోజుకు.

ప్రశ్న: మా అక్కవాళ్లు దుబాయ్‌లో ఉంటారు. సకినాలు, మామిడికాయ తొక్కు, మటన్ మసాలా, పూజ సామాను అన్నీ లిస్టు పంపింది. ఏవి తీసుకుపోవచ్చు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సకినాలు పట్టుకుపోండి, ఎవరూ ఏమనరు. ముక్కలు కాకుండా చేరితే మీ అదృష్టం. తొక్కు డబ్బా మాత్రం చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతిబ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. నూనె కారితే పట్టుచీరలన్నీ ఆవకాయ వాసన.

అసలు గొడవ మటన్ మసాలాతో. అందులో మనం గసగసాలు వేస్తాం కదా, యూఏఈలో గసగసాలు నిషేధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి వాళ్ల దృష్టిలో అవి మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. మసాలా పొడిలో కలిపినా, చిన్న పొట్లం కట్టినా, తెలియక తెచ్చాం అన్నా ఆ దేశంలో డ్రగ్స్ చట్టం చాలా కఠినం. ఈ సంగతి మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే మన వంటింట్లో అదొక మామూలు దినుసు. మా ఇంట్లో కూడా నేను ప్రయాణమైనప్పుడు మసాలా పొడి దంచి, ప్యాక్ చేసి బ్యాగులో సర్దేశారు. అక్కడున్న మా చుట్టం ముందురోజు రాత్రి ఫోన్‌లో "అందులో గసాలు ఉన్నాయా?" అని అడిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. ఆ పొడి మా పక్కింటివాళ్లు పది రోజులు వాడుకున్నారు.

రెండోది కుడుకలు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని మన దేశంలోనే విమానం చెక్-ఇన్ బ్యాగుల్లో పెట్టకూడదని 2022 నుంచి రూలు ఉంది. అంటే మన మటన్ మసాలాలో పడే ముఖ్యమైన రెండు దినుసులూ పనికిరావు. మీ అక్కకు ధనియాలు, లవంగాలు, దాల్చిన చెక్క విడివిడిగా పట్టుకుపోండి, నిజానికి అవి కూడా అక్కడ కరామా, బర్ దుబాయ్ దుకాణాల్లో దొరుకుతాయి.

పూజ సామానులో తమలపాకులు ఉంటే తీసేయండి. దుబాయ్ కస్టమ్స్ నిషేధించినవాటిలో తమలపాకు, పాన్ సరుకు ఉన్నాయి. వక్కపొడి, జర్దా, గుట్కా మన ఇంటి మగవాళ్ల జేబుల్లో ఉంటాయి కదా, బయల్దేరే ముందు ప్యాంటు జేబులు ఒకసారి దులపండి. కర్పూరం నిప్పంటుకునే వస్తువు, దాన్నీ వదిలేయండి. పసుపు, కుంకుమకు ఇబ్బంది లేదు.

పవర్ బ్యాంక్ మాత్రం దీనికి ఉల్టా. అది చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతిబ్యాగులోనే ఉండాలి. నేను మర్చిపోయి పెద్ద బ్యాగులో పెట్టాను, నా పేరు మైకులో పిలిచి అందరి ముందు బ్యాగు విప్పించారు. పవర్ బ్యాంక్ లోదుస్తుల కింద ఉంది. ఇంతకంటే చెప్పను.

ప్రశ్న: నాకు షుగర్, బీపీ ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకుంటాను. మోకాళ్ల నొప్పికి, నిద్రకు కూడా మాత్రలు వాడుతున్నాను. కూతురు దగ్గరికి నెల రోజులు పోవాలి.
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

షుగర్, బీపీ మాత్రలతో టెన్షన్ లేదు సార్. డాక్టరు చీటీ మందులతోనే ఉంచండి, అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మందు పేరు చదవగలిగేలా టైపు చేయించండి. మాత్రలు షీట్ల నుంచి విప్పి వారం వారం డబ్బాలో వేసుకునే అలవాటు ఉంటే ఈ ప్రయాణానికి మాత్రం మానండి, షీట్లు అలాగే తీసుకుపోవాలి. ఇన్సులిన్ చేతిబ్యాగులోనే పెట్టుకోండి, కింద సామాన్ల గదిలో గడ్డకడితే పనికిరాదు. పెద్ద బ్యాగు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా మీకు ఇబ్బంది ఉండదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది నొప్పి మాత్ర, నిద్ర మాత్ర. వాటి పేర్లు రాయలేదు మీరు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు (కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా కోడీన్ ఉంటుంది), అల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటివి యూఏఈలో కంట్రోల్డ్ మందులు. వాటిని పట్టుకుపోవాలంటే బయల్దేరే ముందే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో డాక్టరు చీటీ అప్‌లోడ్ చేసి అనుమతి తీసుకోవాలి. మన దగ్గర మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్రే అక్కడ ఎయిర్‌పోర్టులో పెద్ద సమస్య అవుతుంది. మీ డాక్టరును అడిగి ఆ నెల రోజులకు వేరే మందు మార్చుకోగలిగితే అన్నిటికన్నా సుఖం. మీ అమ్మాయిని కూడా అనుమతి గురించి ఒకసారి చూడమనండి, అక్కడున్నవాళ్లకు ఈ వెబ్‌సైట్లు అలవాటే.

మోకాళ్లు నొప్పి అన్నారు కాబట్టి ఇంకో మాట. టికెట్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, డబ్బులేమీ తీసుకోరు. శంషాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ ఇమిగ్రేషన్ దాకా వాళ్లే తీసుకుపోతారు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో నడక మామూలుగా ఉండదు. చాలామంది పెద్దవాళ్లు "నాకేమైంది, నేను నడవగలను" అని నామోషీ పడతారు, ఆ నామోషీ కాజీపేట స్టేషన్లోనే దింపేయండి.

ప్రశ్న: పెళ్లయ్యాక మొదటి ట్రిప్, ఐదు రోజులు. ప్యాకేజీ కాకుండా సొంతంగా తిరగాలని ఉంది. బండి, డబ్బులు, ఫోన్ ఎలా? ఇంగ్లీషు అంతంత మాత్రమే.
– కొత్త జంట, వరంగల్

ఇంగ్లీషు గురించి అస్సలు భయపడకండి. టాక్సీ నడిపేవాళ్లలో చాలామంది పాకిస్తాన్, ఇండియా, బంగ్లాదేశ్ వాళ్లే, మన వరంగల్ హిందీతో హాయిగా నడిచిపోతుంది. "భయ్యా, ఎంతైతది" అన్నా అర్థం చేసుకున్నవాళ్లను చూశాను.

ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ ఎక్కితే మీటరు 25 దిర్హమ్‌లతో మొదలవుతుంది. మెట్రో చవక. రెడ్ లైన్ టెర్మినల్ 1, టెర్మినల్ 3 దగ్గరికి నేరుగా వస్తుంది, టెర్మినల్ 2కు రాదు, కాబట్టి మీ విమానం ఏ టెర్మినల్‌లో దిగుతుందో టికెట్ మీద చూసుకోండి. స్టేషన్లో నోల్ కార్డు కొనాలి, సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 మీ ప్రయాణానికే బ్యాలెన్సుగా ఉంటుంది. అదే కార్డు బస్సులోనూ పనిచేస్తుంది. ఇద్దరికీ రెండు కార్డులు కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు పోలేరు. ఆదివారం పొద్దున మెట్రో ఎనిమిదింటికి గానీ మొదలు కాదు. మెట్రోలో ఒక పెట్టె ఆడవాళ్లకు, పిల్లలకు, ఇంకో భాగం గోల్డ్ క్లాస్ వాళ్లకు, నేల మీద రంగు గీతలు ఉంటాయి. కొత్త పెళ్లికొడుకు భార్య వెనకాలే ఆడవాళ్ల పెట్టెలోకి ఎక్కేస్తే 100 దిర్హమ్‌లు జరిమానా. లోపల తిన్నా తాగినా కూడా అంతే, మంచినీళ్లు కూడా గుక్క తాగకూడదు, చూయింగ్ గమ్ కూడా నమలకూడదు. రోడ్డు ఎక్కడపడితే అక్కడ దాటితే 400. హనుమకొండ చౌరస్తాలో దాటినట్టు చెయ్యి అడ్డం పెట్టి దాటేస్తాం అంటే అక్కడ కుదరదు.

అన్నిటికంటే నాకు నచ్చిన ప్రయాణం మాత్రం ఒక్క దిర్హమ్‌ది. దేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ (ఊరి మధ్యలోకి వచ్చిన సముద్రపు పాయ) మీద చెక్క పడవ, అబ్రా అంటారు. సాయంత్రం పూట ఎక్కండి, అటు బంగారం బజారు, ఇటు పాతకాలపు బట్టల బజారు, మధ్యలో నీళ్ల మీద దీపాలు. వేలు పోసి బుర్జ్ ఖలీఫా ఎక్కినదానికంటే నాకు ఇదే గుర్తుంది. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, చూడొద్దని కాదు. కానీ 124వ అంతస్తు టికెట్ సూర్యాస్తమయం వేళకు తీసుకుంటే ధర బాగా పెరుగుతుంది, పొద్దున్నే తీసుకుంటే తక్కువ. కింద దుబాయ్ మాల్ పక్కన ఫౌంటెన్ ఆట సాయంత్రాలు ఊరికే చూడొచ్చు. మెట్రో స్టేషన్ పేరు కూడా బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్ అనే ఉంటుంది, అక్కడి నుంచి మాల్‌కు ఏసీ దారిలో చాలాసేపు నడవాలి, చెప్పులు మంచివి వేసుకోండి.

డబ్బులు. ఒక డాలరుకు 3.67 దిర్హమ్‌లని వాళ్లు ఎప్పటినుంచో కట్టేసి పెట్టారు, కాబట్టి డాలరుతో మన రూపాయి పడితే అక్కడా పడినట్టే. కొంత నగదు ఇక్కడే లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గర మార్చుకుని, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకోండి. కొన్ని దుకాణాల్లో మన యూపీఐ కూడా తీసుకుంటున్నారు, కానీ దాన్నే నమ్ముకుని ఫోన్ ఒక్కటే పట్టుకుపోకండి. హోటల్ బిల్లులో గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా టూరిజం ఫీజు వేరేగా పడుతుంది, ఆన్‌లైన్‌లో ముందే కట్టామని రిసెప్షన్లో గొడవపడొద్దు.

ఫోన్ విషయం ముందే ఇంట్లో చెప్పి పోండి. వాట్సాప్ మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం అక్కడ నడవదు. అత్తగారు పదిసార్లు వీడియో కాల్ చేసి "ఎత్తట్లేదేంది" అని కంగారు పడతారు. అక్కడివాళ్లు బోటిమ్ అనే యాప్ వాడతారు, బయల్దేరే ముందే రెండు ఇళ్లలోనూ వేయించండి. ఛార్జర్‌కు మూడు చదరపు కాళ్ల పిన్ను కావాలి, కరెంటు మాత్రం మన దగ్గర ఉన్నట్టే.

ప్రశ్న: అన్నా, ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్త, అక్కడ పోయినంక కంపెనీ వీసాకు మారుస్త అంటున్నడు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నడు. ఇది టూరిస్టు పేజీ అని తెలుసు, కాని ఎవర్ని అడగాల్నో తెల్వక రాస్తున్న.
– ఒక తమ్ముడు, కోరుట్ల

టూరిస్టు పేజీ అయినా ఈ నెల నీ ఉత్తరమే ముందు పెట్టాలనుకున్నాను తమ్ముడూ. వెళ్లకు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం, దొరికితే జరిమానా, వెనక్కి పంపడం, మళ్లీ రాకుండా నిషేధం. "పోయినంక మారుస్త" అన్న మాట నమ్మి వీసా గడువు అయిపోయి, తిరిగి రావడానికి టికెట్ డబ్బులు లేక అక్కడే ఇరుక్కున్నవాళ్ల కథలు నీ ఊళ్లోనే రెండో మూడో ఉంటాయి, అడిగి చూడు.

ఏజెంటు ఈ దారి ఎందుకు పట్టిస్తాడో చెప్తా. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరం) కిందికి వస్తుంది. ఆ పాస్‌పోర్టు మీద యూఏఈకి ఉద్యోగానికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ కావాలి. అంటే కంపెనీ పేరు, జీతం, పని ఏంటన్నది కాగితం మీద ప్రభుత్వానికి చూపించాలి. విజిట్ వీసా అయితే ఇవేవీ అక్కర్లేదు, అతని పని సులువు. నీకు మాత్రం ఏమీ ఉండదు. పద్ధతిగా పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, అదీ పోతుంది.

ముందు అతని లైసెన్స్ నంబరు అడుగు. ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంది, అందులో లేకపోతే మాట్లాడటం ఆపెయ్. రిజిస్టర్ అయినవాడు కూడా సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. లక్షా ఇరవై వేలు ఎక్కడి లెక్కనో నువ్వే అడుగు. రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, అక్కడ పేరు రాయించుకో. ఇప్పటికే అక్కడికి పోయి ఇబ్బందిలో ఉన్న నీ దోస్తులెవరైనా ఉంటే, యూఏఈ నుంచే 800 46342కు ఫోన్ చేయమను, మన రాయబార కార్యాలయం వాళ్ల సహాయ కేంద్రం, రాత్రైనా ఎత్తుతారు. పాస్‌పోర్టు యజమాని గుంజుకుని పెట్టుకోవడం కూడా అక్కడి చట్టం ప్రకారం తప్పే అని వాళ్లకు చెప్పు.

ప్రశ్న: దుబాయ్‌లో బంగారం చవక అంటారు. వారం ట్రిప్‌లో ఐదు తులాలు తెచ్చుకోవచ్చా?
– ఒక గృహిణి, మంచిర్యాల

తెచ్చుకోవచ్చు, కానీ సుంకం కట్టి తెచ్చుకోవాలి. "ఆడవాళ్లకు ఇంత దాకా ఫ్రీ" అని మీరు విన్నది ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్ల కోసం, వారం టూరిస్టులకు కాదు. శంషాబాద్‌లో గ్రీన్ ఛానెల్ (సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్ల దారి) గుండా మెడలో వేసుకుని వచ్చేస్తే తెలియదు అనే సలహా ఇచ్చే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్లు పట్టుబడినప్పుడు పక్కన ఉండరు. సుంకం కట్టేవాళ్ల రెడ్ ఛానెల్‌లో బిల్లు చూపించి కట్టేయండి. అక్కడ కొన్నప్పుడు పన్ను 5 శాతం వేస్తారు, 250 దిర్హమ్‌లు దాటిన బిల్లుకు టూరిస్టులు చాలావరకు వెనక్కి తీసుకోవచ్చు. దుకాణంలోనే పాస్‌పోర్టు చూపించి ట్యాక్స్ ఫ్రీ బిల్లు అడగాలి, తిరుగు ప్రయాణంలో బ్యాగు చెక్-ఇన్ చేయకముందే ఎయిర్‌పోర్టులో ఆ కౌంటర్ దగ్గరికి పోవాలి. ధర బోర్డు మీద ఉంటుంది, దాన్ని బేరమాడలేరు, తయారీ కూలీ మాత్రం గట్టిగా బేరమాడండి. ఇంటి నుంచి మీ నగలు వేసుకుపోతుంటే, బయల్దేరేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్‌లో రాయించుకుని సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే వచ్చేటప్పుడు అవి కూడా అక్కడే కొన్నట్టు అడుగుతారు.

చిన్న చిన్న ప్రశ్నలకు

ఎప్పుడు పోవాలి అని చాలామంది అడిగారు. నవంబర్ నుంచి మార్చి. మే నెల రామగుండం ఎండలు చూసినవాళ్లం, మాకేంటి అనుకోకండి. అక్కడ జూలై, ఆగస్టుల్లో ఎండతో పాటు సముద్రపు ఉక్క కూడా ఉంటుంది, ఏసీ గదిలోంచి బయట అడుగు పెడితే కళ్లజోడు మసకబారిపోతుంది. బయట ఎండలో కూలీలతో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని చేయించకూడదని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు రూలు ఉందంటే ఊహించుకోండి. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఇప్పుడు చలికాలంలోనే వస్తోంది. ఆ నెలలో పగటిపూట రోడ్డు మీద తినడం, తాగడం పెట్టుకోకండి.

మందు గురించి భూపాలపల్లి నుంచి ఒకాయన పేరు రాయకుండా అడిగారు. దుబాయ్‌లో లైసెన్సున్న హోటళ్లు, బార్లలో 21 ఏళ్లు నిండినవాళ్లకు దొరుకుతుంది, రోడ్డు మీద, బీచ్‌లో తాగకూడదు. షార్జాలో పూర్తిగా నిషేధం, హోటల్లో కూడా ఉండదు. మీ తమ్ముడి గది షార్జాలో అంటున్నారు కాబట్టి ఆ నాలుగు రోజులు మానేయడమే మంచిది.

ఫొటోలు. మీ ఫొటో మీరు దిగండి, ముక్కూముఖం తెలియని ఆడవాళ్లు, కుటుంబాలు పడేలా తీసి రీల్ పెట్టకండి, అక్కడ అది కేసు అవుతుంది. వాట్సాప్‌లో ఎవరినైనా బూతులు తిట్టినా కేసే, మన గ్రూపుల్లో మాట్లాడినట్టు మాట్లాడొద్దు.

అబుదాబీలో గుడి చూడాలని పరకాల నుంచి అడిగిన పెద్దమ్మకు: ఆ బాప్స్ మందిరం 2024 ఫిబ్రవరి 14న మొదలైంది, దుబాయ్, అబుదాబీ మధ్య హైవేకు దగ్గర్లో ఉంటుంది. ప్రవేశానికి డబ్బులు లేవు, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి, సోమవారం మూసి ఉంటుంది. అదే రోజు షేక్ జాయెద్ మసీదు కూడా చూసి రావచ్చు, అక్కడా ఉచితమే, ముందుగా పేరు ఇవ్వాలి. ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకోవాలి, చేతులు, కాళ్లు పూర్తిగా కప్పే బట్టలు ఉండాలి. మీరు చీర కట్టుకుంటారు కదా, పొడుగు చేతుల జాకెట్ ఒకటి కుట్టించుకోండి.